కీ ప్రకారం దిమ్మ మునుగును

ప్రకృతి నియమాలు ప్రకృతి చేతిలో ఉంటాయని చాలామంది అమాయకంగా నమ్ముతారు. నిజానికి అవి పరీక్షల కార్యాలయం రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు బీరువాలో, మూడు చోట్ల లక్కముద్ర వేసిన కవరులో ఉంటాయి. ఆ కవరులోని కాగితాన్ని కీ అంటారు. హైస్కూలు పిల్లలు భౌతికశాస్త్రం పరీక్షలో ఏం రాసినా సరే, కీలో ఏముందో అదే నిజం. మిగిలినదంతా విద్యార్థి వ్యక్తిగత అభిప్రాయం.

ఈ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు. ఈ ఏడాది కీ రాసింది నేనే.

ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. నా గురించి నాకున్నంత మంచి అభిప్రాయం లోకంలో ఇంకెవరికీ లేదు. అందుకే, ప్రశ్నపత్రం తయారుచేయాలని ఆఫీసు నుంచి పిలుపు రాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఫోను తీసుకున్నారు. ఈ పని చేసినట్టు భార్యాబిడ్డలకు కూడా చెప్పనని రాయించుకున్నారు. గదిలోకి పంపి బయట తాళం వేశారు.

నిబంధన ప్రకారం ప్రశ్నలు కూర్చేవారు ఒకరు, కీ రాసేవారు ఒకరు, రెండూ సరిచూసేవారు ఇంకొకరు ఉండాలి. సిబ్బంది కొరత వల్ల ముగ్గురూ నేనే. అయినా నిబంధన నిబంధనే కనుక మూడు కుర్చీలు వేశారు. మొదటి కుర్చీలో కూర్చుని తరంగాలు, పీడనం, సాంద్రత, శక్తి మీద ఇరవై ప్రశ్నలు రాశాను. లేచి రెండో కుర్చీలో కూర్చుని జవాబులు రాశాను. తర్వాత మూడో కుర్చీలోకి మారి, ఆ ఇద్దరి పనినీ నిష్పక్షపాతంగా పరిశీలించి, భలే ముచ్చటపడి, ‘దోషరహితం’ అని సంతకం పెట్టాను. (మూడో కుర్చీకి చేతులున్నాయి. అందులో వెనక్కి వాలి కూర్చుంటే ఎవరికైనా సాటి మనుషుల మీద నమ్మకం కలుగుతుంది.)

ఏడో ప్రశ్న ఇది: ఒక చెక్క దిమ్మ ద్రవ్యరాశి 600 గ్రాములు. ఘనపరిమాణం 750 ఘన సెంటీమీటర్లు. సాంద్రత ఎంత? నీటిలో వేస్తే తేలునా, మునుగునా? నాలుగు మార్కులు.

నెల తర్వాత పేపర్లు దిద్దే కాంపులో నాకూ డ్యూటీ పడింది. హాల్లో గోడ మీద పెద్ద బోర్డు: ‘ఇచ్చట ఆలోచించరాదు. కీ చూడవలెను.’ నా పక్కన కూర్చున్న కొత్త టీచరమ్మకి ఆ బోర్డు కనిపించినట్టు లేదు.

“సార్, ఏడో ప్రశ్న కీ తిరగబడినట్టుంది,” అంది గొంతు తగ్గించి. “ఆరువందల్ని ఏడువందల యాభైతో భాగించాలి కదా? పాయింట్ ఎనిమిది. తేలుతుంది. కీలో అటుదిటు భాగించేశారు. ఒకటింపావు అట, మునుగుతుందట!”

“చూడమ్మా,” అన్నాను పెద్దరికంగా, “కీ రాసినవాళ్లు మనకంటే తెలిసినవాళ్లై ఉంటారు. అన్నిటికీ తొందరపడకూడదు.”

అని, కీ వైపు చూశాను. రెండో కుర్చీ గుర్తొచ్చింది.

“ఏంటి సార్, అలా అయిపోయారు? మంచినీళ్లు తెప్పించనా?”

“ఏం లేదు. నువ్వు కానివ్వు. కీ ప్రకారం కానివ్వు.”

ఆ రోజు నేను నూట పదహారు పేపర్లు దిద్దాను. పాయింట్ ఎనిమిది అని, తేలుతుందని రాసిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ నా చేత్తో సున్నా చుట్టాను. సున్నాలు గుండ్రంగా, చక్కగా కుదిరాయి.

నూటికి తొంభై ముగ్గురికి ఏడో ప్రశ్న పోయింది. దీన్ని చూసి పరీక్షల అధికారి తీవ్రంగా కలత చెందారు. పిల్లలు సాంద్రతలో ప్రమాదకరంగా వెనకబడి ఉన్నారని నివేదిక రాయించి, ‘సాంద్రతా మెరుగుదల మాసం’ ప్రకటించారు. స్కూళ్లన్నీ తిరిగి సాంద్రతను మొదటి నుంచీ నేర్పడానికి అనుభవజ్ఞుడైన శిక్షకుడు కావలసి వచ్చాడు. ఎవరిని వేశారో చెప్పక్కర్లేదనుకుంటాను. నాకో బ్యాడ్జీ, ఒక దిమ్మ బొమ్మ ఉన్న చార్టు, ప్రతి పిల్లవాడి పేరునా నింపాల్సిన ఫారాల కట్ట ఇచ్చారు. ఫారం చివరి గడిలో ఇలా ఉంది: ‘విద్యార్థి ప్రశ్నలు అడుగుట మానినచో, సందేహములు నివృత్తి అయినవి అని నమోదు చేయవలెను.’

ఇంతవరకూ జరిగినది పరిపాలన. ఇక ఇంటి విషయం.

మాకు ఒక్కతే అమ్మాయి. నా స్కూల్లో కాదు, వేరే స్కూల్లో చదువుతుంది. రోజూ సాయంత్రం బ్యాగు పడేసి, కాళ్లు కడుక్కుని, నేరుగా నా దగ్గరికొచ్చి ఒక డౌటు అడుగుతుంది. అల ముందుకొస్తుంటే నీళ్లు కూడా ముందుకొస్తాయా నాన్నా? లేదమ్మా, నీళ్లు అక్కడే పైకీ కిందికీ ఆడతాయి, శక్తి మాత్రమే ముందుకెళుతుంది. (మా ఆఫీసులో ఫైళ్లదీ అదే పద్ధతి. ఫైలు అక్కడే ఉంటుంది, మన శక్తి పోతుంది.) ఆ పది నిమిషాల కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూస్తానని ఎవరికీ చెప్పలేదు. పిచ్చి గర్వం. ఊరందరికీ చదువు చెప్పిన మాస్టారిని సొంత కూతురు కూడా నమ్ముతోందంటే ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది మరి.

దానికి పై తరగతిలో సైన్సు గ్రూపు కావాలి. అందుకు భౌతికశాస్త్రంలో ఎనభైకి అరవై రావాలి. యాభై ఏడు వచ్చాయి. ఏడో ప్రశ్నకి సున్నా. సీట్ల జాబితా నెలాఖరుకి మూసేస్తారు.

“పాయింట్ ఎనిమిది అనే రాశాను నాన్నా. తేలుతుందనే రాశాను. నువ్వు చెప్పినట్టే రాశాను,” అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

మా ఆవిడ బట్టలు కుట్టే మిషను ఆపి ఇటు తిరిగింది. “ఏవండీ, మీరే కదా నేర్పింది? మరి సున్నా ఎలా వచ్చింది?”

“పరీక్షన్నాక సవాలక్ష కారణాలుంటాయి.”

“లక్షా వద్దులెండి, ఒక్కటి చెప్పండి.”

“అది గోప్యం,” అన్నాను.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో నాకు చాలా మాటలు వినిపించాయి.

మర్నాడు అమ్మాయి తలుపుకి అడ్డం పెట్టే చెక్క దిమ్మను వంటింటి తూకం మీద పెట్టింది. స్కేలుతో కొలిచింది. ఏదో లెక్క వేసుకుంది. బకెట్లో వేసింది.

“నాన్నా, తేలింది! రా, వచ్చి చూడు.”

“చూడక్కర్లేదమ్మా.”

“ఏం?”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఆ ఆఫీసువాళ్లకి చెప్పవేం మరి?”

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. అంత పెద్ద ప్రశ్న నా అంత చిన్న మనిషి మీద పడితే ఎంత పీడనమో ఆ పూట తెలిసింది. పేపరు చదువుతున్నట్టు నటించాను.

అది ఊరుకునే రకం కాదు. అప్పీలు పెట్టుకుంది. అప్పీలు వస్తే అభ్యర్థి పేరు, నంబరు చెరిపేసి, సీలు వేసి, విషయ నిపుణుడి అభిప్రాయానికి పంపాలి. నిపుణుడు ఎవరన్నది పరమ రహస్యం. సిబ్బంది కొరత సంగతి ముందే మనవి చేశాను. వారం తిరక్కుండా ఆ కవరు నాకే వచ్చింది.

విప్పగానే గుండ్రటి చేతిరాత. ‘దిమ్మను బకెట్లో వేసి చూశాను. తేలింది. మా నాన్నగారు కూడా భౌతికశాస్త్రం మాస్టారే. ఆయన ఎప్పుడూ తప్పు చెప్పరు. దయచేసి ఇంకోసారి చూడగలరు.’

ఆ కవరును తొమ్మిది రోజులు బీరువాలో చొక్కాల కింద దాచాను. తొమ్మిది రోజులూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాడ్జీ పెట్టుకుని, ఊళ్లో పిల్లలకి సాంద్రత మెరుగుపరిచి వచ్చాను. పదో రోజు సిగ్గేసింది. ‘కీ తప్పు. తప్పు చేసింది నేనే. పిల్ల రాసిందే సరైనది’ అని రాసి, సంతకం పెట్టి, నేనే వెళ్లి రెండో అంతస్తులో ఇచ్చాను.

కీ పరిరక్షణ విభాగం సూపరింటెండెంటు మహా మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

“మాస్టారూ, మీరు రాసింది చదివాను. మనసు కదిలిపోయిందంటే నమ్మండి. అయితే కీ తప్పంటారు?”

“అవును సార్.”

“కీ రాసింది మీరే.”

“అవును సార్.”

“అంటే మీకు సాంద్రత రాదన్నమాట.”

“వచ్చు సార్. ఆ రోజేదో పొరపాటున...”

“వస్తే కీ సరైనదే కదండీ. రాదంటారా, రానివాళ్ల అభిప్రాయం పట్టుకుని నలభై వేల పేపర్లు మళ్లీ ఎలా దిద్దిస్తాం? మీరే చెప్పండి.”

నేను టీ తాగాను.

“పైగా కీ ప్రకారం మార్కులు తెచ్చుకున్న ఆ నూటికి ఏడుగురి గతేం కాను? పాపం, కష్టపడి తప్పు చేశారు. వాళ్లకి అన్యాయం చేస్తామా?” అని, కాస్త ముందుకు వంగాడు. “అయినా మేమేం ఊరికే కూర్చోలేదు మాస్టారూ. రండి, చూపిస్తాను.”

వరండా చివర ఒక బకెట్. అందులో కచ్చితంగా ఆరువందల గ్రాములు, ఏడువందల యాభై ఘన సెంటీమీటర్లకి చేయించిన కొత్త దిమ్మ. నీళ్ల మీద నిమ్మళంగా తేలుతోంది. ఎదురుగా స్టూలు మీద ఒక అటెండరు, ఒళ్లో రిజిస్టరు. ప్రతి గంటకీ ఒకే వాక్యం: ‘దిమ్మ ఇంకను మునగలేదు. పరిశీలన కొనసాగుచున్నది.’

“ఎన్నాళ్లయింది?” అన్నాను.

“పన్నెండో రోజండీ,” అన్నాడు అటెండరు. “మొండిది. నీళ్లు కూడా మార్చి చూశాం.”

మా అమ్మాయికి జవాబు వచ్చింది: ‘మీ అప్పీలు పరిశీలనలో ఉన్నది. దిమ్మ మునిగిన వెంటనే మీకు తెలియజేయబడును.’ దాని కిందే, మార్కులు తగ్గినవారు నెలాఖరు లోపల మెరుగుదల పరీక్ష రాసుకోవచ్చని ఉంది. కీ కాపీలు మిగిలిపోయినందున పాత ప్రశ్నలే ఇస్తారట. కీ కూడా పాతదే.

ఆ సాయంత్రం అమ్మాయి కాళ్లు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. దానికి మాట రాకముందే నేనన్నాను, “ఆ కీ నేనే రాశానమ్మా.”

మిషను ఆగిపోయింది. ఎవరికీ చెప్పనని రాసిచ్చిన కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది. ఉంటే ఉండనీ అనిపించింది. మూడు కుర్చీల సంగతీ, చొక్కాల కింద కవరు సంగతీ అన్నీ చెప్పేశాను.

“అయితే నాకు మాత్రం సరిగ్గానే నేర్పావు కదా నాన్నా,” అంది అంతా విని.

“అవునమ్మా.”

“నీ మాట విన్నందుకే నాలుగు మార్కులు పోయాయన్నమాట.”

మా ఆవిడ మళ్లీ మిషను తొక్కసాగింది. ఏమైనా అంటే బాగుండుననిపించింది.

మెరుగుదల పరీక్ష రోజు దాన్ని నేనే బడి గేటు దాకా తీసుకెళ్లాను. లోపలికి వెళ్తూ ఆగింది.

“ఏడో ప్రశ్నకి ఇప్పుడు ఏం రాయాలి? నీ మాట వినాలా, నీ కీ వినాలా?”

సీట్ల జాబితా మూయడానికి నాలుగు రోజులుంది. చుట్టూ పిల్లలు, అట్టలు, పెన్నులు, చివరి నిమిషం బట్టీలు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరికీ తెలిసి తెలిసి తప్పు జవాబు చెప్పలేదు. ఆ రెండో కుర్చీలో చేసింది కూడా తెలియక చేసిందే.

“కీ వినమ్మా,” అన్నాను.

సరేనని తలూపి వెళ్లింది. అరవై ఒకటి వచ్చాయి. ఏడో ప్రశ్నకి నాలుగుకి నాలుగు. సైన్సు గ్రూపులో సీటొచ్చింది. సాంద్రతా మెరుగుదల మాసం ఘనవిజయమని ఆఫీసువాళ్లు నాకు శాలువా కప్పారు. వస్తూ వరండాలోకి తొంగిచూశాను. దిమ్మ తేలుతూనే ఉంది.

మా అమ్మాయి ఇప్పుడూ రోజూ సాయంత్రం బ్యాగు పడేసి, కాళ్లు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి చదువుకుంటుంది. బాగా చదువుతుంది. ఆ గేటు దగ్గర అడిగిన ప్రశ్న తర్వాత ఇంతవరకూ నన్ను ఒక్క డౌటూ అడగలేదు.

శిక్షకుడిగా నా దగ్గర ఒక ఫారం మిగిలి ఉంటే దాని పేరు రాసి నింపాను. చివరి గడిలో నిబంధన ప్రకారం నమోదు చేశాను: సందేహములు నివృత్తి అయినవి.