పదిహేడు లోపాల ఎర్ర కారు

ఆ శనివారం ఉదయం ప్రూఫ్ రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. గొడుగు బాగుచేయించుకొస్తానని భార్యకు చెప్పి బయటపడాలి. పదింటికల్లా ఎర్ర కారున్న ఇల్లు చేరాలి. కారులో లోపాలుంటే పట్టుకోవాలి, లేకపోతే కొనెయ్యాలి. భార్యకు నిజం ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం పథకంలో లేదు.

ఇరవై రెండేళ్లుగా ఒక ప్రచురణ సంస్థలో అచ్చుతప్పులు పట్టుకోవడమే అతని ఉద్యోగం. పేపర్లో ఆ ప్రకటన చూసిన రోజు నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, పైకప్పు వెనక్కి మడుచుకునే రకం. కాలేజీ రోజుల్లో అలాంటిది ఒకటి పక్కనుంచి దూసుకుపోతే రోడ్డు మీద నిలబడిపోయిన మనిషి అతను. అయినా కళ్లు మూసుకుని కొనేంత అమాయకుడు కాదు. పాత కారు కొనేవాళ్లు ఎక్కడెక్కడ మోసపోతారో రెండు వారాలు చదివి, జేబు పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో రాసుకున్నాడు. రంగు అంతటా ఒకేలా ఉందా? తివాచీ కింద తడి ఉందా? మనం వెళ్లేసరికే ఇంజను వెచ్చగా ఉందా? చివరికి ఫ్రిజ్ తలుపుకున్న అయస్కాంతం కూడా తీసి జేబులో వేసుకున్నాడు. రేకు ఉన్నచోట అది అతుక్కుంటుంది, తుప్పు తిన్న రేకుకి లప్పం పూసి రంగేసిన చోట జారిపోతుంది.

"గొడుగు బాగుచేయించడానికి అయస్కాంతం ఎందుకండీ?" అని భార్య అడిగింది.

"ఊచలు ఇనుమో కాదో చూద్దామని," అన్నాడు. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు తనకే భయమేసింది.

కారు సొంతదారు రిటైరైన లెక్కల టీచరు. ఫోన్లో ఆవిడ చెప్పింది ఒకటే మాట: "నేను లేకపోయినా ఫర్వాలేదు, గేటు తీసే ఉంటుంది, తాళం కారులోనే ఉంటుంది. చూస్తూ ఉండండి, వచ్చేస్తాను." ఇదే మాట ఆవిడ ఇంకొకరికి కూడా చెప్పిందనీ, ఆ ఇంకొకరు ఒక పళ్ల డాక్టరనీ ప్రూఫ్ రీడరుకు తెలియదు.

అతను గేటు దాటేసరికి కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. కాసేపటికి కాళ్ల వెనకే మనిషి వచ్చాడు. చొక్కా నిండా మట్టి, చేతిలో టార్చి. ఈయన టీచరుగారి భర్త అయ్యుంటాడని ప్రూఫ్ రీడరు అనుకున్నాడు. ఇంట్లో వేసుకునే చెప్పులతో, చంకలో గొడుగుతో నిలబడ్డ ఈయనే టీచరుగారి భర్త అని డాక్టరు అనుకున్నాడు. ఇద్దరూ నమస్కారం పెట్టుకున్నారు.

ప్రూఫ్ రీడరు బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. "ఇంజను వెచ్చగా ఉందేమిటండీ?"

"ఇప్పుడే నేను స్టార్ట్ చేశాను," అన్నాడు డాక్టరు.

ముందే వేడిచేసి ఉంచాడన్నమాట. ప్రూఫ్ రీడరు పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాడు. కానీ అడగ్గానే ఒప్పేసుకోవడం కొంచెం నచ్చింది.

"కింద రేకు బాగా తినేసింది," అన్నాడు డాక్టరు. "పైకి కనబడదు గానీ లోపల పుచ్చిపోయింది."

సొంత కారు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడే మనిషిని ప్రూఫ్ రీడరు ఎక్కడా చూడలేదు. అయస్కాంతం తీసి ఎడమ తలుపుకి ఆనించాడు. అది జారి కిందపడింది. "ఇక్కడ రేకే లేదండీ, అంతా లప్పమే. రంగు కూడా తేడాగా ఉంది. ఎప్పుడో గట్టిగా గుద్దుకున్నట్టుంది."

తన కారు గుద్దుకున్న సంగతి తానే బయటపెడుతున్న ఈ పెద్దమనిషి చెయ్యి పట్టుకోవాలనిపించింది డాక్టరుకు. ఒకరు చెప్పిన లోపం విని రెండోవారికి గౌరవం పెరిగింది. గౌరవం పెరిగిన కొద్దీ ఇద్దరూ మరింత నిజాయితీగా లోపాలు వెతికారు. తివాచీ కింద తడి, ఆయిల్లో నీళ్లు, సరిగ్గా పడని తలుపులు.

"ఒకసారి తిప్పి చూద్దామా?" అన్నాడు ప్రూఫ్ రీడరు.

"మీరు ఎలా అంటే అలాగే," అన్నాడు డాక్టరు.

సొంతదారు అనుమతి దొరికిందని ఇద్దరూ కారెక్కారు. రెండు వీధులు దాటేదాకా ప్రపంచం చాలా అందంగా ఉంది. గాలి జుట్టును వెనక్కి దువ్వుతోంది. మూడో మలుపు తర్వాత నాలుగు రోడ్ల కూడలి వచ్చింది, ఎర్ర దీపం వెలిగింది. ప్రూఫ్ రీడరు బ్రేకు తొక్కాడు. అది మెత్తగా కిందిదాకా పోయింది, కారు మాత్రం పోతూనే ఉంది.

"బ్రేకు ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"నాకేం తెలుసండీ?"

"మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

డాక్టరు జవాబు చెప్పే లోపల ప్రూఫ్ రీడరు చేతి బ్రేకు లాగాడు. కారు కూడలి నడిమధ్య అడ్డంగా తిరిగి ఆగింది. ఇంజను రెండుసార్లు దగ్గి నీలం పొగ వదిలింది. నాలుగు వైపులా హారన్లు మొదలయ్యాయి. తెల్ల చేతి తొడుగుల పోలీసు తాపీగా నడిచి వచ్చాడు.

"బండి ఎవరిది?"

"ఈయనది," అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

అంతలో పోలీసు చేతిలోని వైర్‌లెస్ సెట్టు మాట్లాడింది. ఎర్ర కారు, రెండు సీట్లు, ఉదయం ఇంటి ముందు నుంచి దొంగతనం.

స్టేషనులో ఇన్‌స్పెక్టరు తెల్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. నవ్వడు, గొంతు పెంచడు. అదే భయంగా ఉంది. ప్రూఫ్ రీడరు జరిగింది మొత్తం చెప్పాడు. ఇన్‌స్పెక్టరు విని, "కారు కొనడానికి వెళ్లారు. మంచిది. ఇంట్లో వాళ్లకి తెలుసుగా?" అని ఫోను తెప్పించి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"మీవారు కారు కొనడానికి వెళ్లారటమ్మా, నిజమేనా?"

"కారా?" అంది భార్య. "ఆయన గొడుగు బాగుచేయించడానికి వెళ్లారండీ. మాకు కారెందుకు?"

డాక్టరుగారి ఆసుపత్రికి ఫోను చేస్తే, డాక్టరుగారు సెమినారు కోసం ఊరెళ్లారని చెప్పారు. ఇన్‌స్పెక్టరు రెండు జవాబులూ రాసుకున్నాడు. సోమవారం ఆఫీసు, పక్కింటివాళ్లు, భార్య ముఖం, అన్నీ ప్రూఫ్ రీడరు కళ్లముందు కదిలాయి. అయినా ఎదురుగా ఉన్న కాగితం తలకిందులుగా కనబడుతుంటే ఉండబట్టలేకపోయాడు.

"సార్, 'నిందితుడు'లో ద కి ఒత్తు ఉండదండీ."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. తర్వాత ఒత్తు కొట్టేశాడు.

ఇక దాచడానికేం లేదనుకుని ప్రూఫ్ రీడరు లేచి నిలబడ్డాడు. "సార్, దొంగతనం చేసేవాడికి బుర్ర ఉంటుంది కదా. బుర్ర ఉన్నవాడెవడైనా ఆ కారు ఎత్తుకుపోతాడా?" అని జేబు పుస్తకం తెరిచి ఒక్కొక్క లోపం చదివాడు. మర్చిపోయినవి డాక్టరు అందించాడు. ఇద్దరివీ కలిపి పదిహేడు తేలాయి. ఇన్‌స్పెక్టరు అన్నీ వరసగా రాసుకుంటూ, మధ్యలో ప్రశ్నలు వేశాడు.

"ఛాసిస్ మీద నంబరు చూశారా? కాగితాల్లో ఉన్నదేనా?"

"అది మటుకు చూడలేదు సార్."

"చూడాలి," అన్నాడు కఠినంగా.

సరిగ్గా అప్పుడే టీచరు వచ్చింది. గుమ్మంలో నిలబడి చివరి నాలుగు లోపాలూ వింది. "ఏ కారు గురించండీ ఇదంతా? నాదా? నలభై ఏళ్లలో అది నన్ను ఒక్కసారి కూడా రోడ్డు మీద నిలబెట్టలేదు."

"రోజూ నడిపేవారా?" అన్నాడు డాక్టరు.

"ఎందుకు నడుపుతాను? షెడ్డులోనే ఉండేది."

గొంతులు వినగానే ఆవిడకు ఇద్దరూ ఎవరో తెలిసిపోయింది. పదింటికి ఇద్దర్నీ రమ్మన్నది తానేననీ, చూడగానే ఒకరు వెనక్కి పోతారనుకున్నాననీ, మందుల షాపు నుంచి వచ్చేసరికి కారు లేకపోతే కంగారులో ఫిర్యాదు చేశాననీ ఒప్పుకుంది. వెంటనే మళ్లీ కోపం తెచ్చుకుంది. "ఇంత రాసి పెట్టాక ఇంకెవరు కొంటారు? సాయంత్రం నాలుగింటికి ఒకాయన వస్తానన్నాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. ఇప్పుడాయనకి ఏ ముఖంతో చూపించను?"

ఇన్‌స్పెక్టరు కలానికి మూత పెట్టాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ నాలుగింటి మనిషిని నేనేనమ్మా," అన్నాడు నెమ్మదిగా, మర్యాదగా.

ప్రూఫ్ రీడరుకు తన భయం పోయి ఆయన మీద జాలి వేసింది. "సార్, పదిహేడూ మీ చేత్తోనే రాసుకున్నారు."

"రాశాను. కారు బాగాలేదని మాత్రం మీ ఇద్దరిలో ఒక్కరూ అనలేదు."

అది నిజం. ఎప్పుడో రోడ్డు మీద నిలబడిపోయిన కుర్రాడు ప్రూఫ్ రీడరు లోపల చాలా బాధపడ్డాడు. డాక్టరు మాత్రం ఊరుకోలేకపోయాడు. "అసలు ముందు వచ్చింది నేను. నాకూ కావాలి సార్ ఆ కారు."

"నాకు కూడా," అన్నాడు ప్రూఫ్ రీడరు, వద్దనుకుంటూనే.

ఇన్‌స్పెక్టరు బల్ల మీది కాగితాన్ని సరిచేసి పెట్టాడు. "ఫిర్యాదు ఇంకా కొట్టెయ్యలేదండీ."

ఇద్దరూ కూర్చున్నారు.

దొంగతనం కేసు ఆ సాయంత్రమే కొట్టేశారు. కారు మాత్రం, ఇన్‌స్పెక్టరు కొనుక్కున్నాక కూడా, కదలకుండా ఇప్పటికీ స్టేషను ఆవరణలోనే ఉంది.