పక్కింటి చేప, మన ఇంటి చేప

నా రాతలో అక్షర దోషాలుంటే మన్నించండి. మా ఆయన పోయాక, ముసలితనంలో నేర్చుకున్న చదువు ఇది. ఒక్కో మాట కూడబలుక్కుని రాసేసరికి పక్కనున్న టీ చల్లారిపోతుంది. అయినా ఈ సంగతి రాయక తప్పడం లేదు, చూసినవాళ్ళలో సగం మంది తప్పుగా చెబుతున్నారు కాబట్టి.

ఈ సముద్రపు దీవుల్లో లౌతోకా అనే పట్నంలో మా కంచెకు అవతల వైసాకే, టోరిక అనే కొత్త దంపతులు ఉండేవారు. వాళ్ళకు ఆ పక్కన సెమెసా, అతని భార్య ఉనైసి. ఉనైసి కొబ్బరిపాలలో చేప వండితే వీధి వీధంతటికీ ఆకలేసేది. వండినప్పుడల్లా ఒక గిన్నెడు కంచె మీదుగా వైసాకేకు అందించేది. అతను ఇంట్లోకి తీసుకెళ్ళి, అడుగున ఉన్న పాలను కర్రపెండలం ముక్కతో తుడుచుకుని తిని, ఆ తరువాత కూడా కాసేపు గిన్నె వంక చూసేవాడు. ఆ చూపే టోరికకు నిప్పులా తగిలేది.

ఆ శనివారం పొద్దున్న వైసాకే చక్కెర మిల్లుకు బయలుదేరుతూ, "ఇవాళ ఉనైసి వదిన చేప పంపుతుందంటావా?" అన్నాడు.

"ఎందుకు పంపాలి? నువ్వేమైనా ఆవిడకు మేనల్లుడివా?"

"ఊరికే అడిగానే."

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఊరికే అడుగుతూనే ఉన్నావు. సాయంత్రం తిన్నగా ఇంటికి రా. ఇవాళ మన పొయ్యి మీదే చేప."

వైసాకే చొక్కా గుండీ దగ్గర ఆగిపోయాడు. "నువ్వు వండుతావా?"

"లేదు, అదే దూకి వండుకుంటుంది."

టోరిక అనుకున్నది పెద్ద విషయమేమీ కాదు. మంచి చేప కొనాలి, వండాలి, ఉనైసినీ ఆమె మొగుణ్ణీ భోజనానికి పిలవాలి, ఉనైసి ఎదుటే తన మొగుడి నోట "బాగుంది" అనిపించాలి. అంతే. చిక్కల్లా ఏమిటంటే, సువా పట్నంలో పెరిగిన ఆ పిల్లకు చేప అంటే డబ్బా మూత తీస్తే వచ్చేది.

మార్కెట్ నుంచి మోచేతి పొడవు చేపను తెచ్చింది. నేను కంచె మీద చేతులాన్చి, "శుభ్రం చేసిపెట్టనా అమ్మా?" అని అడిగాను.

"వద్దు పైడమ్మత్తా. రేపు ఎవరైనా పైడమ్మ చేసిందంటారు."

కడుపు కోశాక లోపల ఆకుపచ్చని చిన్న తిత్తి కనబడింది. పట్టి లాగింది. అది చితికి పిత్తమంతా ముక్కలకు పాకింది. చేప పసరు అలాగే ఉంటుంది కాబోలు అనుకుని, పైపైన కడిగి కొబ్బరిపాలలో వేసింది. ఉడుకుతుండగా రుచి చూస్తే చేదు. నిమ్మకాయ పిండింది. చేదు పోలేదు, ఇంకా నాలుగు పిండింది. పాలు విరిగి ముద్దలు కట్టాయి. పులుపు విరగడానికి చక్కెర వేసింది, తీపి విరగడానికి మిరపకాయలు వేసింది. మళ్ళీ చూద్దామని గరిటె నోటి దగ్గర పెట్టుకునేసరికి గుమ్మంలో ఉనైసి నిలబడి ఉంది. సువాసన నూనె పూసుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది.

"వాసన కొత్తగా ఉందే వదినా!" అంది.

"మా ఇంట్లో ఇలాగే వండుతాం," అంది టోరిక.

అందరూ చాప మీద కూర్చున్నారు. సెమెసా ప్రార్థన చెప్పాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వైసాకే, సెమెసా ఇద్దరిదీ ఒకే దీవి. వంశాన వైసాకే వాళ్ళు సముద్రం వాళ్ళు, సెమెసా వాళ్ళు నేల వాళ్ళు. నేల వాళ్ళ ఎదుట సముద్రం వాళ్ళు చేప ముట్టరాదు. సముద్రం వాళ్ళ ఎదుట నేల వాళ్ళు పంది మాంసం ముట్టరాదు. ముట్టి పట్టుబడితే అవతలివాళ్ళు ఏ శిక్ష వేస్తే అది నవ్వుతూ అనుభవించాలి. ఆ దీవిలో పాలు తాగే పిల్లలకు కూడా ఇది తెలుసు. తెలియని మనిషి ఒకతె ఎదురుగా కూర్చుని వడ్డిస్తోందని వాళ్ళలో ఎవరికీ తోచలేదు.

వైసాకే చేప గిన్నెను మెల్లగా సెమెసా వైపు తోసి, తను కర్రపెండలం ముక్క తీసుకున్నాడు.

"చేప వేసుకో," అంది టోరిక.

"నాకిది చాల్లే."

సెమెసా పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అతని కనుగుడ్లు ఒక్క క్షణం బయటికి వచ్చాయి. కానీ సముద్రం వాణ్ణి ఊరించే అవకాశం వదులుకుంటాడా? "అబ్బబ్బ! చూడు బావా, వెన్నలా కరిగిపోతోంది! పాపం, నీకు లేదే!" అన్నాడు.

వైసాకే అతనికి కన్ను కొట్టాడు. సెమెసా పక్కనే ఉనైసి కూర్చుని ఉంది. ఆ కన్ను ఎవరికి తగిలిందో టోరిక తనకు తోచినట్టు లెక్క వేసుకుంది.

ఉనైసి ఒక ముక్క మింగి, కాసిని మంచినీళ్ళు తాగి, "బాగుంది వదినా," అని చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వుతో టోరికకు ఒళ్ళు మండిపోయింది.

"నీకు బాగుంటే ఏం లాభం? ఆయనకు నీ చేతిదే కావాలిగా!" అంటూ లేచి నిలబడింది. "ఇదే చేప కంచె మీదుగా వచ్చి ఉంటే ముల్లు కూడా మిగిల్చేవాడు కాడు. నేను వండితే దుంపలు తింటాడా? అదీ నీకు కన్ను కొడుతూ!"

"నాకా?" అంది ఉనైసి.

"నా పెళ్ళానికా?" అన్నాడు సెమెసా.

"ఓసి పిచ్చిదానా, వీడు నేల వాడే! వీడి ముందు నేను చేప తినకూడదు!" అన్నాడు వైసాకే.

"ఓహో, ఇప్పటికిప్పుడు కథ అల్లావా? రేపు పొద్దున్న బస్సుకు మా అమ్మ దగ్గరికి పోతాను. ఆవిడ గిన్నెలే నాక్కుంటూ కూర్చో!" టోరిక ఏడుపు నా వంటింట్లోకి వినబడింది. నేను పొయ్యి ఆపి వెళ్ళాను.

వైసాకే పెళ్ళాం వంక చూశాడు. సెమెసా వంక చూశాడు. గిన్నెలో అన్నిటికంటే పెద్ద ముక్క తీసి నోట్లో పెట్టుకుని నమిలాడు. అతని ముఖంలో వచ్చిన రంగులు నేను ఎండలో ఆరేసిన చీరల మీద కూడా చూడలేదు.

"దొరికాడు!" సెమెసా ఒక్క గంతు వేశాడు. "దొరికాడు రోయ్! సముద్రం వాడు నా ముందే చేప తిన్నాడు! రండి, అందరూ రండి!"

వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. సెమెసా పొయ్యి మీది డేక్సా తెచ్చి వైసాకే ఎదుట దించాడు. "చుక్క మిగలకూడదు బావా. ఇదే శిక్ష."

"చంపకు బావా. కావాలంటే కవ పోయ్, ఆ మత్తు నీళ్ళు ఎంతైనా తాగుతాను."

"చుక్క మిగలకూడదు."

వైసాకే డేక్సా ఎత్తాడు. గుటక గుటకకూ ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డవాళ్ళకు శిక్ష సంగతి తెలియదు, ఒక మనిషి డేక్సాతో చేపల పులుసు తాగడమే కనబడింది. డేక్సా దించి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అతను, "ఈ జన్మలో ఇంకెవరి చేపా ముట్టను," అన్నాడు. ప్రాణం విసిగి అన్న మాట అది. టోరిక మాత్రం ముఖం వెలిగిపోగా అతని చేయి పట్టుకుంది. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు చర్చి బయట ఆడవాళ్ళందరూ టోరిక చుట్టూ మూగారు. "మొగుడు కన్నీళ్ళు పెట్టుకుంటూ తాగాడట!" "నీ డేక్సా ఎప్పుడైనా ఎవరైనా ఎత్తారా ఉనైసీ?"

"అది పచ్చి చేదు! నేను తిన్నాను!" అంది ఉనైసి.

"అయ్యో, నిన్న బాగుందన్నావట కదా," అంది ఒకామె. "కుళ్ళుకోకు అమ్మా," అంది ఇంకొకామె.

ఆ వారమంతా ఉనైసి ఇంట్లో చేప వండింది, వండినది తనే రుచి చూసింది, మళ్ళీ వండింది. శుక్రవారం సాయంత్రం కంచె దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు వదినా. ఆ చేదు ఎలా తెస్తావు?"

టోరిక కంచె మీద చేయి ఆన్చి, "అది చేతికి రావాలి వదినా," అంది.

— పైడమ్మ, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు రాకిరాకిలో మా చెల్లెలి ఇంట ఉంటున్నాను.