యాపులో పూలవాన

తొమ్మిదింటికి కంప్యూటర్లో బిల్డ్ నొక్కి, కోడు యాపుగా తయారయ్యేలోపు చాయ్ తాగి, పదకొండుకు జలపతి సేటుకు యాపు చూపించాలి. అభిలాష్ వేసుకున్న పథకం ఇంతే. సిరిసిల్లలో ఏ మరమగ్గం ఆగినా వెంటనే మెకానిక్ ఫోనుకు కబురు పంపే యాపు అది. నడిస్తే సేటు తన షెడ్లన్నిటిలో పెట్టిస్తాడు, నడవకపోతే పని హైదరాబాద్ కంపెనీకి పోతుంది. అభిలాష్, కోరుట్లలో ఉండే దీప కలిసి ఆరు నెలలు పడిన కష్టం కూడా దానితోనే పోతుంది.

చాయ్ సగంలో ఉండగానే తెర మీద ఎర్ర గీత వచ్చింది. ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడును లైబ్రరీ అంటారు. యాపులో అలాంటివి ఇరవై ఉన్నాయి, వాటిలో రెండింటి వెర్షన్ నంబర్లు ఒకదానితో ఒకటి కుదరడం లేదు. "గిదెంత, నంబర్ పెంచితే అయిపాయె," అని అభిలాష్ ఒకదాన్ని పెంచాడు. ఒక తప్పు పోయి ఏడు వచ్చాయి. పెంచినదానికి మిగతావి పాతబడ్డాయట. వాటినీ పెంచాడు. ఏడు ఇరవై మూడయ్యాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నయం, ఇతను ఎలుక కోసం తవ్వితే కొండ బయటపడింది.

ఇద్దరూ పనిచేసేది ఒకే కోడు మీద కాబట్టి కోరుట్లలో దీప కూడా అదే ఎర్ర గీత చూసింది. పాపం, సాయం చేద్దామని చెప్పకుండా అదే నంబరు తగ్గించి పంపింది. అతను మళ్ళీ పెంచాడు. ఆమె ఇంకా తగ్గించింది. పదిన్నరకు తప్పులు నూట నాలుగు.

"దీపా, వైరస్ పడ్డట్టున్నది. నేను పెంచుతుంటే గది తగ్గిస్తున్నది," అన్నాడు ఫోనులో.

"గది వైరస్ కాదు, నేనే," అంది దీప.

అభిలాష్ తల్లి ఐలమ్మ పక్కనే ఉండి అంతా వింటోంది. ముప్పై ఏళ్లుగా మగ్గాల భీములకు, అంటే నూలు చుట్టిన దూలాలకు, పోగులు అతికే మనిషి. "ఒక్క భీముకు ఇద్దరు రెండు దిక్కుల ముడులేస్తే గిట్లనే అయితది కొడుకా. ఇంకిన్ని ముడులేస్తే చిక్కు పోతదా? ఎన్కకు పో. మొదటి తప్పు ముడి ఏడున్నదో గది ఇప్పు."

అభిలాష్‌కు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. పొద్దుటి మార్పులన్నీ తీసేసి నిన్నటి కోడుకు వెళ్లాడు. మొదటి ముడి తనదే. యాపు తెరవగానే పూలు రాలాలని నిన్న సాయంత్రం కొత్త లైబ్రరీ ఒకటి తగిలించాడు. దీపకు చెప్పలేదు, బిల్డ్ చేసి చూడలేదు. ఇప్పుడు దాన్ని పీకేస్తే ఒక్క తప్పూ మిగల్లేదు. పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలున్నాయి. ప్రాణం లేచివచ్చింది.

జలపతి సేటు వచ్చి, మగ్గం ఆగినట్టు యాపులో నొక్కి చూశాడు. వెంట వచ్చిన మెకానిక్ ఫోను మోగింది. "మంచిగున్నది. మా షెడ్లన్నిట్ల పెట్టుండ్రి," అని లేచి, గడప దగ్గర ఆగాడు. "గని, గిది తెరవంగనే పూలు గిట్ల రాలితే ఎట్లుంటదంటవ్?"

దీప ఇంకా లైనులోనే ఉన్న ఫోను వైపు అభిలాష్ చూశాడు. సిగ్నల్ లేదని, ఏమీ వినపడటం లేదని, కోరుట్ల నుంచి దీప చాలా స్పష్టంగా చెప్పింది.