చిల్లు పడ్డ కుట్టుమిషన్

ఇంట్లో డిజైనర్ ఉండటం పూర్వజన్మ సుకృతం! నమ్మరా? అయితే ఒకసారి మా ఇంటికి రండి.

మా అబ్బాయి ఇంటీరియర్ డిజైనర్. "పాత వస్తువుని పారేయకూడదు నాన్నా, కొత్త జీవితం ఇవ్వాలి" అంటాడు. ఇచ్చేశాడు కూడా! కూరగాయలు కడిగే చిల్లుల గిన్నె హాల్లో దీపమై వేలాడుతోంది. నిచ్చెనని గోడకి బిగించి పుస్తకాలు పేర్చాడు. మొన్న ఆ దీపంలో బల్బు మాడిపోయింది. ఎక్కి మార్చడానికి నిచ్చెనేదీ? పోనీలెండి, ఆ పుస్తకాలు చదివే బాధ తప్పింది!

నా సూట్‌కేసుకి నాలుగు కాళ్ళొచ్చి టీపాయ్ అయింది. ఊరెళ్ళాలంటే ముందు కప్పులు తియ్యాలి, తర్వాత కాళ్ళు విప్పాలి. ఎందుకొచ్చిన గొడవని ప్రయాణాలే మానేశాను. ఎంత పొదుపు!

అసలు ఘనకార్యం మా ఆవిడ కుట్టుమిషన్. ఆవిడ కళ్ళ పరీక్షకని వెళ్ళొచ్చేసరికి, పైనున్న మిషన్ ఊడదీసి, బల్లకి చిల్లు పొడిచి దాన్ని వాష్ బేసిన్ చేసేశాడు. వచ్చినవాళ్ళంతా నీళ్ళకోసం కింద పెడల్ తెగ తొక్కేస్తున్నారు. నీళ్ళు రాకపోతేనేం, వ్యాయామం కాదూ!

సాయంత్రానికల్లా ఫోన్లో ఫొటో పెట్టాడు. కింద "పనికిరాని మిషన్‌కి పునర్జన్మ" అని రాశాడు.

మా ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివింది. "పనికిరాదని ఎవరు చెప్పార్రా నీకు? పొద్దున్నేగా దాని మీద కుట్టాను!"

నిజమే. ఆదివారం మనవరాలి పుట్టినరోజుకి గౌను కుడుతోంది. ఒక చెయ్యి అతికించింది. రెండోది ఇంకా అతికించాల్సి ఉంది. చేత్తో కుడదామంటే ఆవిడకి చూపు ఆనదు.

"కొత్త మిషన్ ఆర్డర్ పెట్టేశానమ్మా! పది రోజుల్లో వచ్చేస్తుంది" అన్నాడు మావాడు.

ఆదివారం రానే వచ్చింది. నాయనమ్మ కుట్టిందే వేసుకుంటానని పేచీ పెట్టి, పిల్ల ఒంటిచెయ్యి గౌనుతో హాల్లోకొచ్చింది.

"వావ్! ఇప్పుడిదే ట్రెండ్!" అని మావాడు ఫోను తీశాడు.

పిల్ల ఖాళీ భుజం తడుముకుంది. "రెండో చెయ్యి కుట్టలేదేం నాయనమ్మా?"

"కుట్టేదాన్నే తల్లీ. మీ నాన్న నన్నొక్క మాట అడిగుంటే."

మావాడు ఫోను దించేశాడు.

అప్పట్నుంచీ నాకూ భయం పట్టుకుంది. వాడు ఇంట్లో ఉన్నంతసేపూ ఏదో ఒకటి సర్దుతూనే ఉంటున్నాను. ఊరికే కూర్చుని కనిపించానంటే, నన్ను మాత్రం అడుగుతాడా ఏమిటి!