శవాసనానికి వచ్చిన పరామర్శ

సాగిన్‌బాయ్ చెవికి "యోగం" అన్న మాట మొదటి రోజే "రోగం"గా వినబడింది. మరదలు, అంటే తమ్ముడి భార్య, జూరకన్ మూడు వేసవులుగా ఆ మాట దిద్దుతూనే ఉంది. ఆయన మూడు వేసవులుగా చెవి దిద్దుకోకుండానే ఉన్నాడు. భర్త పోయాక ఆమె సొన్‌కుల్ సరస్సు ఒడ్డున, తన వంతు పచ్చికలో ఉన్ని గుడారం వేసి, బిష్కెక్ పట్నం నుంచి వచ్చే ఆడవాళ్ళ చేత ఆరుబయట ఆసనాలు వేయిస్తోంది. ఆ పచ్చిక మీద బావగారి గుర్రాలకు కన్ను. గుర్రాలకంటే ముందు బావగారికి.

ఓ సాయంత్రం బావగారు వచ్చి తేల్చేశాడు.

"రేపు మనుషుల్ని తెచ్చి గుడారం విప్పించేస్తా. మన కొండ మీద ఆడవాళ్ళు కాళ్ళు నెత్తిన పెట్టుకోవడమేంటి?"

"మీరు కొండంతా నెత్తిన పెట్టుకోవట్లేదా బావగారూ? గుడారం విప్పుకోండి. ఆకాశం విప్పలేరుగా, దాని కింద వేయిస్తా!"

పోతూ పోతూ పొయ్యి మీది కుండలోకి తొంగి చూశాడు. "పుట్టగొడుగులా! అవి తింటే తెల్లారేసరికి వరసగా పడుకుంటారు."

తెల్లారింది. వరసగానే పడుకున్నారు. గడ్డిలో ఏడుగురు శిష్యురాళ్ళూ, చివర జూరకనూ, శవాసనంలో. ఈగలు ముసురుతున్నాయని తలా ఒక తెల్ల దుప్పటి ముఖం మీదిదాకా కప్పించింది. "ఆకాశం విరిగి పడినా నేను చెప్పేదాకా కదలకండి" అని ఆజ్ఞ.

అప్పుడే మనుషులతో మలుపు తిరిగిన సాగిన్‌బాయ్‌కి దుప్పట్లు కనబడ్డాయి. పుట్టగొడుగులు గుర్తొచ్చాయి. గుర్రం మీదే ఊగిపోతూ, "ఓ నా తల్లో! ఓ నా మరదలో!" అని గొంతెత్తాడు.

దుప్పటి ఎత్తి చూడటం అక్కడ మగవాళ్ళ పని కాదు. పైగా ఆ కొండల మర్యాద ఒకటుంది: ఏడుపు వినబడితే ముందు ఏడవాలి, పోయిందెవరో తరవాత అడగాలి. అవతలి గట్టు వాళ్ళు, ఇవతలి వాగు వాళ్ళు గుర్రాల మీద ఏడ్చుకుంటూ వచ్చారు. వచ్చినవాళ్ళకు భోజనం పెట్టాలి గనక ఎవరో పుణ్యాత్ముడు బావగారి మందలోంచే బలిసిన గొర్రెను కోసేశాడు. చెవుడున్న మోల్దో తాత తిన్నగా వచ్చి సాగిన్‌బాయ్‌నే కావలించుకున్నాడు.

"అయ్యో సాగిన్‌బాయ్! బంగారం లాంటి మనిషివి, పోయావురా!"

"నేను బతికే ఉన్నా తాతా!"

"ఏడుపు మధ్యలో మాట్లాడకు."

దుప్పట్ల కింద చోల్పోన్ అనే అమ్మాయి గుసగుసలాడింది. "అక్కా, మనం చచ్చిపోయామట."

"పోనీ. నువ్వు శ్వాస మీద మనసు పెట్టు."

జూరకన్ మనసు మాత్రం శ్వాస మీద లేదు, బావగారి ఏడుపు మీద ఉంది.

"ఒంటి చేత్తో ఇల్లు నిలబెట్టావే తల్లీ! మగాడినై ఉండీ నీకు పోటీ వచ్చానే! లేచి రా! లేస్తే ఈ పచ్చికంతా నీదే! కాళ్ళు నెత్తిన పెట్టుకున్నా కాదననే!"

ఇన్నేళ్ళలో ఆయన నోట ఒక్క మంచి మాట వినని మనిషి ఆమె. కళ్ళు చెమర్చాయి. అయినా కదలలేదు. మూడు వేసవుల తిట్లకు ఆ మాత్రం ఏడుపు చాలదనిపించింది. ఆయన గొంతు బొంగురుపోయాకే దుప్పటి తీసి కూర్చుంది.

"లేచాను బావగారూ!"

ఇంకా గుర్రాలు దిగని ఇద్దరు వాటి మీంచి పడ్డారు. మిగతా దుప్పట్లూ లేచేసరికి ఇంకో ముగ్గురు.

"ఇదొక ఆసనం. ఒళ్ళూ మనసూ సడలించి, కదలకుండా పడుకోవాలి, అంతే! ఎవరూ పోలేదు, పుట్టగొడుగులు మంచివే!" అని అందరికీ వినబడేలా చెప్పి, బావగారి వైపు తిరిగింది. "చచ్చినదాన్ని పొగిడారుగా? బతికున్నదాన్ని ఇప్పుడు తిట్టండి చూద్దాం, ఇంతమంది ముందు!"

"శవం ముందు ఇచ్చిన మాట అది! శవమే లేనప్పుడు మాటెక్కడిది?"

"శవం లేకపోతేనేం, ఏడుపుందిగా?" అంది ఇవతలి వాగు నుంచి వచ్చిన ఒక ముసలావిడ. "అందరం విన్నాం. లేస్తే పచ్చిక ఇస్తానన్నావు. లేచింది."

సాగిన్‌బాయ్ ముసలావిడ ముఖం చూసి, గుడారం విప్పడానికి తెచ్చిన మనుషుల్ని వెనక్కి పొమ్మన్నాడు. మోల్దో తాతకు ముగ్గురు కలిసి చెవిలో అరిచి సంగతి చెప్పారు. ఆయన మీసం తుడుచుకుని, "ఎవరూ పోలేదా? మరి మాంసం ఉడికిందా?" అని చతికిలబడ్డాడు.

ఆ రోజు ఆ పచ్చికలో శవాసనం చివరిదాకా వేసింది బావగారి గొర్రె ఒక్కటే.