మా బావకి మీసం మొలిపించిన ప్రచురణ సంస్థ

పుస్తకాలు అచ్చువేసే పని ఇకమీదట రాజకీయ సంఘాలకే వదిలేయాలని సవినయంగా మనవి చేస్తున్నాను. అందులోనూ, పాత పద్ధతులు పాడైపోతున్నాయని బెంగపెట్టుకున్న సంఘాలకి!

నవ్వకండి. మామూలు ప్రచురణకర్తలకి ఒక దురలవాటుంది. అచ్చువేసే ముందు చదువుతారు. చదివాక బాగాలేదంటారు. దీనివల్ల ఎంతమంది రచయితలు మంచం పట్టారో ఎవరికైనా పట్టిందా?

మా అక్క సంగతే చూడండి. ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయింది. తన అనుభవాలన్నీ పుస్తకంగా రాసింది. తెలిసిన ప్రచురణకర్తలందరూ చదివి, పెదవి విరిచి, వెనక్కి పంపారు. చివరికి కుటుంబ విలువల సంరక్షణ సంఘం వారి ప్రచురణ శాఖకి పంపితే, వెంటనే ఫోనొచ్చింది.

"అమ్మా, మీ పుస్తకం అద్భుతం. వేసేస్తున్నాం," అన్నాడు ఎడిటర్.

అక్క మురిసిపోయింది. "ఏ భాగం నచ్చింది బాబూ?"

"పేరమ్మా! 'తల్లీ బిడ్డా'. అందులోనే అంతా ఉంది. లోపల చిన్న చిన్న తప్పులుంటే మేం దిద్దుకుంటాం. మీరు నిశ్చింతగా ఉండండి."

ఆ చిన్న తప్పుల్లో మొదటిది మా బావ.

బావ టైలరు. మిషను ఇంట్లోనే. అక్కకి నైట్ డ్యూటీలు పడినప్పుడల్లా ఆడపిల్లలిద్దరికీ వండిపెట్టి, జడలు వేసి, బడికి పంపింది ఆయనే. గట్టిగా వేస్తే ఏడుస్తారు, వదులుగా వేస్తే దారిలోనే ఊడిపోతుంది. ఆ మధ్యరకం జడ బావకి ఎలా పట్టుబడిందో అక్క ఒక అధ్యాయమంతా రాసింది.

సంఘం వారు అంత దూరం చదవలేదు. అవసరమేముంది? కంప్యూటర్లో 'వంట' అనీ 'డ్యూటీ' అనీ వెతికి, దొరికిన చోటల్లా మొగుణ్ణీ పెళ్లాన్నీ తారుమారు చేశారు. బావని ఆఫీసరుని చేశారు. కవరు మీద ఆయన బొమ్మకి గుబురు మీసం కూడా పెట్టారు. బావ పుట్టి బుద్ధెరిగి మీసం పెంచిన పాపాన పోలేదు! అక్క వంటింట్లో స్థిరపడింది. దాంతో ప్రసూతి వార్డులో నర్సు లేకుండా పోయింది. బిడ్డలు మాత్రం ఎవరి సాయమూ లేకుండా వాళ్లంతట వాళ్లే పుడుతున్నారు. స్వశక్తి అంటే అదీ!

ఆవిష్కరణ సభకి హాలు నిండిపోయింది. ఒక్కో బ్రాంచి వాళ్లూ కట్టలకి కట్టలు మోసుకుపోయారు. అధ్యక్షులవారు పుస్తకాన్ని ఎత్తి చూపించి, కాలం చెడిపోయిందని మైకు వేడెక్కేదాకా మాట్లాడారు. బయట వీళ్లంటే గిట్టని ఇంకో సంఘం వాళ్లు పుస్తకాన్ని నిషేధించాలని కేకలు వేస్తున్నారు.

"ఏ పేజీలో ఉందండీ తప్పు?" అని వాళ్లలో ఒకాయన్ని అడిగాను.

"ఛీ ఛీ, అలాంటివి మేం చదువుతామా!" అన్నాడాయన.

ఉప్పూ నిప్పూలాంటి రెండు పక్షాల్ని ఒకే అలవాటు మీద నిలబెట్టిన పుస్తకం ఇంకొకటి చూపించండి!

పాపం, ఒక్క పాఠకుడు మాత్రం తగిలాడు. మా బావ. మర్నాడు మిషను ముందు కూర్చుని, కుట్టు పక్కనపెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఏమే, పిల్లలకి జడలు వేసింది నేను కాదా?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అక్క పుస్తకం లాక్కుని చూసింది. తర్వాత ఫోను తీసింది.

"బాబూ, మా ఆయన ఏడీ?"

"పుస్తకంలోనే ఉన్నారమ్మా, సింహంలా!"

"నాకు సింహం వద్దు. నా మొగుడు కావాలి. నేను రాసింది రాసినట్టు వేయండి."

"అయ్యో, మా సభ్యులు నొచ్చుకుంటారమ్మా!"

"ఇప్పటిదాకా ఒక్కరైనా చదివారా?"

ఎడిటర్ నిజాయితీపరుడు. "అబ్బే," అన్నాడు.

"మరి లోపల ఏం వేస్తే ఏం?"

ఎడిటర్ సంఘం నియమాలన్నీ తిరగేశాడు. లోపల ఏం వేయకూడదో వాటిలో ఎక్కడా రాయలేదట. రెండో ముద్రణ అక్క రాసింది రాసినట్టే వచ్చింది. కవరు అదే, మీసం అదే. లోపల అక్క డ్యూటీకెళ్లింది, బావ గరిటె పట్టాడు, బిడ్డలకి నర్సు దొరికింది. ఆ కట్టలూ ఎప్పటిలాగే కదిలిపోయాయి. ఆదర్శ గృహిణి జీవితమంటూ సంఘం దానికి ఉత్తమ గ్రంథం బహుమతి కూడా ఇచ్చింది!

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, మొన్న అక్కకి ఒక ఫోను. ఏదో బ్రాంచి కార్యదర్శి గారి భార్యట. గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కయ్యా, జడల అధ్యాయం రెండుసార్లు చదివానండీ. మా ఆయనకి కూడా చదివి వినిపించమంటారా?"

"వద్దు తల్లీ, వద్దు!" అంది అక్క కంగారుగా.

నా కంగారూ అదే. పాఠకులారా, మీకు దణ్ణం పెడతాను. ఆ పుస్తకాన్ని కొనండి. నెత్తిన పెట్టుకోండి. నడిరోడ్డు మీద తగలబెట్టండి. కానీ చదవకండి! మీరు చదివారంటే, మా బావని మళ్లీ వంటింట్లోంచి గెంటేస్తారు.