మోయడానికి మేకలుండగా మనుషులెందుకు?

వేటకు తోడుగా మనిషిని తీసుకెళ్లేవాడు వెర్రివాడు. మేకను తీసుకెళ్లేవాడే జ్ఞాని!

మన ఊరి పత్రికలో ఈ మాట రాసినందుకు ఈ వారం కూడా పోస్టాఫీసు ముందు నలుగురూ నన్ను ఆపి నవ్వుతారని తెలుసు. నవ్వండి. మన ఐడహో కొండల్లో ఏ మంచి ఆలోచన వచ్చినా మొదట నవ్వేది మన ఊరివాళ్లే.

ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. మేకకి పెట్రోలు అక్కర్లేదు. గుర్రానికిలా నాడాలు కొట్టించే పని లేదు. పికప్ ట్రక్కు వెనకాల ఎక్కి, పెళ్లికి పోతున్న పెద్దమనిషిలా కూర్చుంటుంది. మనిషి వీపున యాభై పౌండ్లు పెట్టి చూడండి, వెంటనే నడుంనొప్పి పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెడతాడు. మేక ఒక త్రేన్పు త్రేన్చి బయల్దేరుతుంది.

అందుకే పోయిన వసంతంలో మూడు మేకపోతుల్ని కొన్నాను. డీకన్, పికిల్, బిస్కట్. పెరట్లో వాటిని చూసి నా భార్య మార్లిస్ అంది: "డాక్టరు నీ మోకాలికి రెస్టు రాశాడు ఎల్డన్, మేకల్ని రాయలేదు."

ఆడవాళ్లకి దూరదృష్టి ఉండదని నేను అనను. అంటే ఏమవుతుందో నాకు తెలుసు.

వేసవంతా ఆ మేకల వీపుల మీద ఇటుకలు నింపిన సంచులు వేసి, ఊరి పెద్దవీధిలో ట్రైనింగ్ ఇచ్చాను. సెప్టెంబరు నాటికి నేను పిలిస్తే అవి రావడం లేదు గానీ, అవి అరిస్తే నేను పరిగెత్తడం మాత్రం చక్కగా అలవాటైంది. ట్రైనింగ్ అన్నాక ఎవరో ఒకరు నేర్చుకోవాలి కదా!

అక్టోబరులో దుప్పి వేటకు బయల్దేరాం. మేం అంటే నేనూ, మేకలూ, మార్లిస్ తమ్ముడు వెర్నన్. మిల్లులో దుంగలు కోసే మనిషి. మాటలు తక్కువ. ఇరవై ఏడేళ్లుగా ఇద్దరం కలిసే వెళ్తున్నాం. రోడ్డు ఆగిపోయిన చోట నేను మేకలకి జీనులు కడుతుంటే వెర్నన్ చేతులు కట్టుకుని చూశాడు.

"బావా, మనం వెళ్లేది వేటకా, సర్కస్‌కా?"

"నీ మూట నువ్వు మోసుకో. నా మూట ఇవి మోస్తాయి. ఎవరినీ దేబిరించే పని లేదు."

వెర్నన్ తన మూట వీపున వేసుకున్నాడు.

నాలుగు మైళ్లు ఎక్కి గుడారం వేశాం. మేకల వల్ల కలిగిన లాభాలు ఇక్కడ చెప్పకపోతే పాపం. బిస్కట్ మ్యాపులో సగం తినేసింది. అంటే మేం దారి తప్పే చోట్లు కూడా సగానికి తగ్గాయి! పికిల్ నా ఊలు టోపీ నమిలేసింది. తలకి గాలి తగలడం ఎంత ఆరోగ్యమో! ఇలాంటి సేవలు ఏ మనిషి చేస్తాడు?

మర్నాడు పొద్దున వెర్నన్ తూర్పు గట్టు మీదికి వెళ్లాడు. అతని జేబులో ఓట్స్ ఉన్నాయని కనిపెట్టి పికిల్, బిస్కట్ నిస్సంకోచంగా పార్టీ మార్చేశాయి. నాతో డీకన్ ఒక్కడే మిగిలాడు. రాళ్లు జారే వాలు దిగుతుండగా నా కుడి మోకాలు నన్నడక్కుండా మడతపడింది. అలా జారి జారి ఒక పొద దగ్గర ఆగాను. చూస్తూండగానే మోకాలు గుమ్మడికాయంత అయింది.

సినిమాల్లో కుక్కలైతే ఇలాంటప్పుడు ఊళ్లోకి పరిగెత్తి మనుషుల్ని పిలుచుకొస్తాయి. డీకన్ నా పక్కన తీరిగ్గా పడుకుని, చొక్కా జేబులోంచి నా వేట పర్మిట్ లాగి నమలసాగాడు. ఆఖరి ముక్క వాడి నోట్లో ఉండగా, ఎనభై గజాల దూరంలో నా జన్మలో చూడనంత పెద్ద కొమ్ముల దుప్పి వచ్చి నిలబడింది. నన్ను చూసింది. మేకని చూసింది. ఈ మేక ఇలాంటివాడితో ఎందుకు తిరుగుతోందా అన్నట్టు తల వంచి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఇక్కడొక సంగతి ఒప్పుకోవాలి. తుపాకీ నా పక్కనే ఉంది. వరసగా మూడుసార్లు గాల్లోకి పేలిస్తే 'ఆపదలో ఉన్నాను, రండి' అని అర్థం. మన ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. నేను పేల్చలేదు. కాసేపట్లో లేచి నడుస్తాననుకున్నాను. కాసేపు గంటయింది, గంట రెండయింది. చెమట ఆరి చలి పట్టుకుంది. పళ్లు టకటకలాడుతున్నా వేలు మాత్రం ట్రిగ్గర్ దగ్గరికి పోలేదు.

చివరికి అరిచింది డీకనే. నా కోసం కాదు, తన వాళ్లు కనబడక. గట్టు మీంచి రెండు గొంతులు బదులిచ్చాయి. ఆ పిలుపులు పట్టుకుని మేకలు దిగొచ్చాయి, వాటి వెనకాలే వెర్నన్.

"ఎంతసేపైంది పడి?"

"ఇప్పుడే."

"ఇప్పుడే పడితే ఇంత వాస్తుందా బావా? మరి తుపాకీ పేల్చలేదేం?"

"దుప్పులు బెదురుతాయని."

వెర్నన్ తన కోటు తీసి నా మీద కప్పి, ఎదురుగా కూర్చున్నాడు. "రెండేళ్లుగా చూస్తన్నా. కొండ ఎక్కాల్సి వచ్చినప్పుడల్లా బూటు తాడు కట్టుకుంటన్నట్టు కూర్చుంటావు. ఒక్క మాట అంటే నీ మూట నేను మొయ్యనా? మేకల కంటే తక్కువే తింటాను కదా."

నేను అతని కోటు గొంతుదాకా లాక్కున్నాను.

కాబట్టి పాఠకులారా, నా వాదన మారలేదు. మేకే మేలు! దాన్ని అడగక్కర్లేదు. వీపున సంచి వేసి తాడు బిగిస్తే చాలు. మనిషితో అలా కుదరదు, నోరు తెరవాలి. ఆ నోరు తెరవలేకే నేను మూడు మేకల్ని కొని, వేసవంతా ఇటుకలు మోయించాను.

ఆ రోజు వెర్నన్ గుడారం విప్పి తెచ్చాక, సామానంతా మేకల మీదికి ఎత్తి కిందికి బయల్దేరాం. మొదటి అరమైలు నేను కర్ర పట్టుకుని, పళ్లు బిగించి, ఒక్కడినే నడిచాను. వెర్నన్ నా పక్కనే, నా అడుగుకి అడుగు కలుపుతూ, చెయ్యి మాత్రం చాచకుండా నడిచాడు. వాగు దగ్గర ఆగిపోయాను.

"వెర్నన్, కాస్త భుజం ఇస్తావా?"

"ఏమన్నావు బావా? వాగు మోతలో వినపళ్లేదు."

"నీకు వినపడింది."

"వినపడిందిలే. అయినా మళ్లీ అను."

మళ్లీ అన్నాను.